నెత్తళ్ళ పొట్లం

మంగళవారం పొద్దున ఏడున్నరకి లేడీస్ హాస్టల్ మెట్ల మీంచి వార్డెన్ శివపార్వతి మేడం దిగుతుంటే, ఆవిడ కంటే ముందు వాసన దిగింది. చెత్త ఎత్తే చేటని చెయ్యి బారుగా చాపి పట్టుకుంది. చేటలో తడిసిన న్యూస్‌పేపరు, పేపరు మీద రెండు గుప్పెళ్ళ ఎండుచేపలు, ఒక్కోటీ వేలెడంత. రెండో చేత్తో చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఎవరివమ్మా ఇవి? టెరేస్ మీద, వాటర్ ట్యాంకు వెనకాల ఉన్నాయి," అంది కొంగులోంచే.

రెండో అంతస్తు వరండాలో బ్రష్షులు నోట్లో పెట్టుకుని నిలబడ్డ పదిమందీ ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. ఎంతోసేపు పట్టలేదు. అందరి కళ్ళూ 214 తలుపు వైపు తిరిగాయి. ఆ గదిలో ఉండేది లింథోయ్. మణిపూర్ అమ్మాయి, సెకండియర్ ఫుడ్ టెక్నాలజీ.

212 గుమ్మంలో నిలబడ్డ ఉష మాత్రం చేపల వంక చూడలేదు, వాటి కిందున్న పేపరు వంక చూసింది. అది బందరు ఎడిషను. తేదీ పక్కనే ఊరి పేరు చక్కగా కనపడుతోంది. ఎవరైనా కాస్త వంగి చదివితే చాలు, ఆ చేపలు ఏ ఊరి నించి వచ్చాయో, ఎవరి సూట్‌కేసులోంచి వచ్చాయో తేలిపోతుంది. ఈ అంతస్తులో బందరు నించి వచ్చింది తనొక్కతే. కానీ ఎవరూ వంగలేదు. దొంగెవరో తేలిపోయాక పేపరు చదివే ఓపిక ఎవరికుంటుంది?

"నా డాన్సు చీర అక్కడే ఆరేశాను మేడం," అంది శ్రీదుర్గ. ఉష రూమ్మేటు ఆమె. వాళ్ళ ఊరు కూచిపూడి పక్కనే, కాలేజీలో ఏ పండగైనా నాట్యం ఆమెదే. "నిన్నట్నించి ఏం కంపో అనుకుంటున్నా. మళ్ళీ ఉతికి ఆరేసినా పోలేదు."

214 తలుపు తెరుచుకుంది. లింథోయ్ తలకి తువ్వాలు చుట్టుకుని వచ్చింది. చేటలోకి చూసింది, వాసన పీల్చింది, ముఖం మాత్రం చిట్లించలేదు.

"నావి కాదు మేడం," అంది ఇంగ్లీషులో.

"మరెవరివమ్మా? చేప తినేది నువ్వేగా. క్లాసులో సారే చదివారంటగా."

సారు చదివిన మాట నిజమే. ఈ ఏడాది కాలేజీలో కొత్తగా రెండు క్రెడిట్ల కోర్సొకటి పెట్టారు, ఇంటర్‌కల్చరల్ కాంపిటెన్స్ అని. వేరే రాష్ట్రాల నించి, వేరే దేశాల నించి పిల్లలు వస్తున్నారు కాబట్టి వాళ్ళతో ఎలా మెలగాలో మనవాళ్ళకి నేర్పాలట. నేర్పేది లక్ష్మీకాంత్ సారు. మంచివాడే, మాటకి ముందు నవ్వుతాడు. లోకల్ పిల్ల ఒకరు, బయటి పిల్ల ఒకరు చొప్పున జతలు కట్టి, పదిరోజులు ఒకళ్ళనొకళ్ళు గమనించి డైరీ రాయమన్నాడు. దాని పేరు బడ్డీ డైరీ. ఉషకి లింథోయ్ పడింది. పోయిన వారం సారు కొన్ని డైరీలు తిరగేసి, ఉష రాసింది బావుందని క్లాసులో గట్టిగా చదివాడు: 'నా బడ్డీ తన ఊరి నించి తెచ్చుకున్న పులిసిన చేపతో పచ్చడి చేసింది. ఆ వాసన నాకు పూర్తిగా కొత్త. అయినా నేను ముఖం తిప్పుకోలేదు. ఎదుటివారి ఆహారాన్ని గౌరవించడం నేర్చుకున్నాను.' అరవైమంది చప్పట్లు కొట్టారు. లింథోయ్ తల వంచుకుని బల్ల మీద గోటితో గీతలు గీసింది.

పచ్చడి చేసిన ఆ రోజు లింథోయ్ మెస్‌లోంచి ఉడికిన బంగాళాదుంపలు తెచ్చి, ఎండుమిరపకాయలు నలిపి, సీసాలో మిగిలిన ఆఖరి చేప వేసి వేళ్ళతో మెదిపింది. సగం ఉష ప్లేట్లో పెట్టింది. వాసన కొత్తేం కాదు, ఉషకి నోరూరింది. రెండోసారి అడిగి మరీ వేయించుకుంది. డైరీలో ఆ సంగతి రాయలేదు.

"నావి కాదు," అంది లింథోయ్ మళ్ళీ.

"సాయంత్రం ఆఫీసుకి రా. ఉషా, నువ్వూ రా. ఆ అమ్మాయి బడ్డీవి నువ్వేగా," అంటూ మేడం చేట పట్టుకుని కిందికి దిగింది. ఆయా మణెమ్మ ఫినాయిలు బకెట్టుతో పైకెక్కింది.

ఉష గదిలోకొచ్చి తలుపేసుకుంది. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, చెయ్యి దానంతటదే మంచం కిందికెళ్ళి సూట్‌కేసు తాళం వేసి ఉందో లేదో చూసింది. తాళం వేసే ఉంది. అడుగున, నాలుగు కవర్లలో చుట్టి, ఇంకో పొట్లం ఉంది.

*

అసలు తప్పు ఆ చేపల్ని ఎండలో పెట్టడమే. ఇంకెవరైనా అయితే వాసనొస్తోందని బయట పారేసేవాళ్ళు, లేకపోతే కవరుకి ఇంకో ముడేసి ఊరుకునేవాళ్ళు. బందరు పక్కన చేపల రేవు గిలకలదిండిలో పుట్టిన పిల్ల అలా ఊరుకోలేదు. వాయుగుండం పట్టి నాలుగు రోజులు వాన కురిస్తే గదిలో బట్టలకే ముక్కవాసన వచ్చింది. నెత్తళ్ళకి చెమ్మ తగిలితే ముక్కిపోతాయి. ఆదివారం ఎండ కాయగానే ఒక పొట్లం విప్పి, ట్యాంకు వెనకాల పేపరు పరిచి, చేపకీ చేపకీ సందు వదిలి పరిచింది. కాకులు రాకుండా పాత చున్నీ కప్పి, నాలుగు పక్కలా ఇటుక ముక్కలు పెట్టింది. మధ్యాహ్నం ఒకసారి వెళ్ళి తిరగేసింది. సాయంత్రం తీద్దామనుకునేసరికి పైన శ్రీదుర్గ నాట్యం సాధన చేస్తోంది. సోమవారం రోజంతా ల్యాబు. రాత్రి చినుకులు పడ్డాయి. గాలికి చున్నీ ఎగిరి ట్యాంకు పైపులకి చుట్టుకుంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, ఎవరూ చూడలేదనే అనుకుంది.

ఫస్టియర్ మొదటి రోజు, "మీ నాన్నగారేం చేస్తారు?" అని శ్రీదుర్గ అడిగితే, "ఆక్వా," అంది ఉష. పూర్తి అబద్ధమని అనలేం. సముద్రం కూడా నీళ్ళేగా. ఆ ఒక్క మాటతో శ్రీదుర్గకి ఉష వాళ్ళు చెరువుల వాళ్ళు, ఎకరాల వాళ్ళు అయిపోయారు. ఆ తర్వాత దిద్దుకునే సందు దొరకలేదు. అమ్మతో ఫోన్ మాట్లాడాలంటే టెరేస్ మీదికెళ్ళేది. కింద మాట్లాడితే భాష మారిపోతుంది, పట్టేస్తారని భయం.

సాయంత్రం ఆఫీసులో శివపార్వతి మేడం లింథోయ్ ఫైలు తీసి బల్ల మీద పెట్టింది. అందులో అప్పటికే రెండు అండర్‌టేకింగులున్నాయి. ఒకటి గదిలో కరెంటు కెటిల్ వాడినందుకు. రెండోది ఇంటి దగ్గర కర్ఫ్యూ పెట్టిన రోజుల్లో పదకొండు దాటాక వరండాలో ఫోన్ మాట్లాడినందుకు. మూడు అయితే హాస్టల్ ఖాళీ చెయ్యాలి. రూలు గోడ మీద ఫ్రేము కట్టి ఉంది.

"ఉషా, నీ ఇంగ్లీషు బావుంటుంది. నువ్వు రాసెయ్. 'టెరేస్ మీద చేపలు ఎండబెట్టి తోటి విద్యార్థులకు ఇబ్బంది కలిగించాను, ఇక మీదట ఇలా చెయ్యను.' ఆ అమ్మాయి సంతకం పెడుతుంది."

ఉష పెన్ను తీసుకుంది. కాయితం మీద 'నేను' అని మొదలుపెట్టి ఆగింది. ఆ 'నేను' తర్వాత రాయాల్సిందంతా నిజమే. కింద సంతకమే వేరేవాళ్ళది. తేలు కుట్టిన దొంగ గతి ఎలా ఉంటుందో ఉషకి అప్పుడు తెలిసింది. రాసింది.

"మీ మతంలో ఏం తిన్నా పర్లేదేమో గానీ, ఇక్కడ పద్ధతులుంటాయి కదమ్మా," అంది మేడం లింథోయ్‌తో, కోపంగా కాదు, సర్ది చెప్తున్నట్టే.

"మాదీ వైష్ణవమే మేడం. మా అమ్మమ్మ రోజూ నామం పెట్టుకుంటుంది."

మేడం ఒక్క క్షణం తెల్లబోయి, "అదే మరి. ఇంకా ఘోరం," అంది.

లింథోయ్ కాయితం చదివింది. మడిచి బల్ల మీద పెట్టింది. "చెయ్యనిదానికి పెట్టను మేడం."

"పెట్టకపోయినా పెట్టినట్టే. కంప్లయింటు రాతపూర్వకంగా వచ్చింది. గురువారం సాయంత్రం దాకా టైమిస్తున్నా. పెడితే మర్యాదగా శనివారం వెళ్తావు. పెట్టకపోతే ప్రిన్సిపాల్ గారి దాకా వెళ్ళి, తర్వాత వెళ్తావు."

బయటికొచ్చాక ఇద్దరూ మెస్ వెనక నడిచారు. వాళ్ళ మధ్య ఇంగ్లీషే. పదిహేనో తారీకు నించి సెమిస్టర్ పరీక్షలు. పోయినేడు హాస్టల్లో సీటు రాకముందు లింథోయ్ బెంజ్ సర్కిల్ దగ్గర గదుల కోసం తిరిగింది. ఫోన్లో సరేనన్న వాళ్ళు గుమ్మంలో ముఖం చూడగానే 'ఇప్పుడే ఇచ్చేశామండీ' అన్నారు, మూడిళ్ళల్లో. ఆ సంగతి అప్పుడెప్పుడో నవ్వుతూ చెప్పింది. ఇవాళ నవ్వలేదు.

"అవి మా ఊరి రకం కాదు. మావి పులియబెడతాం. ఇవి వట్టిగా ఎండినవి," అంది లింథోయ్. "ఎవరో చేతనైనవాళ్ళే ఎండబెట్టారు. ఒక్క ఇసక రేణువు లేదు. ఇటు ఎండుచేపలు ఎవరు చేస్తారు?"

"తెలీదు," అంది ఉష.

లింథోయ్ ఉష వంక చూసింది. తర్వాత, "సరే," అని 214 లోకి వెళ్ళింది. సూట్‌కేసు జిప్పు తీసిన చప్పుడు వరండా దాకా వినపడింది.

*

బుధవారం మధ్యాహ్నం ఉష టెరేస్ మీదికెళ్ళి అమ్మకి ఫోన్ చేసింది. ట్యాంకు వెనక మణెమ్మ కడిగిన చోట ఫినాయిలు వాసన ఇంకా పోలేదు. పైపులకి చుట్టుకున్న చున్నీ అలాగే ఉంది, ఎవరూ గమనించలేదు. విప్పి చంకలో పెట్టుకుంది.

గంగాదేవి ఫోనెత్తి ముందు ఎవరినో కసిరింది. వెనకాల గాలి, కాకులు. "ఆఁ, సెప్పే. తిన్నావా?"

"తిన్నా."

"వోన పడింది కదా ఆడా. నెత్తళ్ళకి చెమ్మ తగిలిందేమో సూశావా? ఓపాలి ఎండ సూపిచ్చు, లేపోతే ముక్కిపోతాయి."

"సూపిచ్చానమ్మా."

"తిరగేశావా?"

"తిరగేశా."

"ఇసక మీద కాదే అవి, వల పరిచి ఆరబోసినయ్యి. నోట్లో ఏసుకుంటే రాయి తగలకూడదని. ఇంతకీ ఆ పిల్లకి పెట్టావా?"

"ఏ పిల్లకి?"

"ఏ పిల్లేంటే. ఆ కొండల పిల్ల. తెచ్చుకున్న సేపలయిపోయినయ్యి, మొకం ఏలాడేసుకుందని నువ్వేగా సెప్పావు. అందుకేగా రెండు పొట్లాలు కట్టా. తల్లి దగ్గిర లేని పిల్ల. ఏమంది, బాగున్నయ్యందా?"

ఉష టెరేస్ గోడకి ఆనుకుంది. కింద రోడ్డు మీద బందరు బస్సు కంకిపాడు వైపు నించి వచ్చి, ఆగకుండా వెళ్ళిపోయింది. రెండు పొట్లాలు ఎందుకు కట్టిందో ఉష మర్చిపోలేదు. ఇవ్వాలనే తెచ్చింది. ఇస్తే 'ఎక్కడివి?' అని అడుగుతుందని, అడిగితే చెప్పాల్సొస్తుందని, రేపు రేపు అనుకుంటూ సూట్‌కేసులో పెట్టింది. అలా పెట్టిన వాటికే చెమ్మ తగిలింది. ఆ పిల్లకి పెట్టమన్న చేపలే ఆ పిల్లని హాస్టల్లోంచి గెంటుతున్నాయి.

"ఏమే, పలకవేం?"

"బాగున్నయ్యంది," అంది ఉష. అమ్మతో అబద్ధమాడటం అంత తేలికని ఆమెకి అంతకుముందు తెలీదు. ఫోన్ పెట్టేశాక ఏడుపొచ్చింది. సిగ్గుతో వచ్చిన ఏడుపది, మొహం కడుక్కున్నా పోలేదు.

కిందికొచ్చేసరికి శ్రీదుర్గ డాన్సు చీరకి సెంటు కొడుతోంది. "పాపం లింథోయ్ మంచిదే గానీ, మనకి పడదే. అలవాట్లు వేరు," అంది ఉషతో. ఆ 'మన'లో తను ఉన్నందుకు రెండేళ్ళుగా పడిన సంతోషం ఉషకి ఆ పూట ఒంటిమీద తడిబట్టలా అనిపించింది.

*

గురువారం సాయంత్రం నాలుగింటికి ఉష ఆఫీసుకి వెళ్ళింది. వార్డెన్ బల్ల మీద కాయితం పెట్టింది. మొన్న తను రాసిన వాక్యాలే, కింద సంతకం మాత్రం తనది.

శివపార్వతి మేడం చదివింది. కళ్ళజోడు తీసి ఉష ముఖంలోకి చూసింది. ఆవిడ కళ్ళు చెమర్చాయి.

"ఎంత మంచి మనసమ్మా నీది," అంది.

"మేడం, చేపలు నావే."

"తెలుసమ్మా, తెలుసు. నీకు ఒక్క అండర్‌టేకింగూ లేదు కాబట్టి నీకేం కాదని, ఆ అమ్మాయి కోసం నువ్వు పెట్టావు. ఈ రోజుల్లో ఎవరు చేస్తారు ఇలా?" ఫోనెత్తింది. "లక్ష్మీకాంత్ గారూ, ఒకసారి ఇటు రండి. మీ కోర్సు ఫలితం చూద్దురు గాని."

లక్ష్మీకాంత్ సారు టీ గ్లాసుతోనే వచ్చాడు. నిలబడే చదివాడు. నవ్వాడు, తర్వాత గంభీరంగా అయిపోయాడు. "క్లాసులో నేను చెప్పేది ఇదేనండి. ఎదుటివాళ్ళ చోటులో నిలబడి చూడటం. ఉషా, కల్చరల్ డే రోజు స్టేజీ మీద ఐదు నిమిషాలు మాట్లాడాలి నువ్వు."

ఉషకి నవ్వాలో అరవాలో తెలీలేదు. అబద్ధం చెప్పినన్నాళ్ళూ నమ్మారు. నిజం రాసి సంతకం పెట్టి ఇస్తే మెచ్చుకుంటున్నారు.

"సార్, నేనెవరి చోటులోనూ నిలబడలేదు. నా చోటులోనే నిలబడ్డా. మాది గిలకలదిండి."

"మీ నాన్నగారిది ఆక్వా కదమ్మా?" అంది మేడం.

"మా నాన్న పోతురాజు. బోటు మీద వేటకెళ్తాడు. మా అమ్మ సేపలు ఎండబెట్టి అమ్ముద్ది." ఆ మాట ఆ యాసలోనే వచ్చింది. సర్దుకోవాలనిపించలేదు. "ఉండండి మేడం, ఇప్పుడే వస్తా."

గదికి వెళ్ళి సూట్‌కేసు తీసింది. శ్రీదుర్గ మంచం మీద కూర్చుని చూస్తూనే ఉంది. చూడనీ అనుకుంది. పొట్లం తెచ్చి అండర్‌టేకింగ్ పక్కన పెట్టింది.

శివపార్వతి మేడం ఒక కవరు విప్పింది, రెండోది విప్పింది. మూడోది విప్పేసరికి కొంగు అలవాటుగా ముక్కు వైపు లేచింది. నాలుగోది విప్పాక సగంలో ఆగిపోయింది. పొట్లంలో నెత్తళ్ళు వెండి రంగులో, ఒకే పొడుగున, తలలన్నీ ఒక పక్కకి సర్ది ఉన్నాయి. ఆవిడ ఒకటి తీసింది, విరిచింది. టప్పున విరిగింది.

"ఇసక లేదే," అంది తనలో తను అనుకుంటున్నట్టు.

"వల పరిచి ఎండబెట్టినవి మేడం."

"మా అత్తగారు కంకిపాడు సంతకెళ్ళినప్పుడల్లా వెతుకుతుంది ఇలాంటివాటికి. దొరకవు. వంకాయలో వేస్తే..." సారు వంక చూసి ఆగింది. మళ్ళీ ఆగలేకపోయింది. "వంకాయ, నెత్తళ్ళు, నాలుగు పచ్చిమిరపకాయలు. ఆ పూట ఇంకేం అక్కర్లేదండి." తర్వాత ఉష వైపు తిరిగింది. ముఖం తేటపడింది. "ఇవి మన నెత్తళ్ళేగా. ముందే చెబితే పోయేదిగా తల్లీ. ఇంత దానికి అండర్‌టేకింగ్ ఎందుకు?" కాయితం తీసి ఉషకే ఇవ్వబోయింది.

ఉష తీసుకోలేదు. "మొన్న చేటలో ఉన్నవి కూడా ఇవే మేడం."

"అవి కంపు కొడుతున్నాయిగా."

"వాన తగిలింది. అంతే. ఇదే చేప, ఇదే పొట్లం జత. మొన్న ఇంత దానికి అండర్‌టేకింగ్ కావాల్సొచ్చింది. ఇవాళ ఎందుకు అక్కర్లేదు మేడం?"

ఆవిడ సమాధానం కోసం లక్ష్మీకాంత్ సారు వంక చూసింది. సారు టీ గ్లాసులోకి చూశాడు. టీ చల్లారిపోయింది.

"అది వేరమ్మా," అంది మేడం చివరికి.

"ఏం వేరు?"

శివపార్వతి మేడం చెడ్డమనిషి కాదు. జ్వరమొచ్చిన పిల్లలకి తనింటి నించి జావ కాచి తెస్తుంది. ఆ జావ పోయినేడు లింథోయ్ కూడా తాగింది. అది గుర్తొచ్చిందో ఏమో, ఆవిడ విరిచిన చేప ముక్కని పొట్లంలో పెట్టేసింది. తర్వాత సొరుగు లాగి స్టాంపు తీసింది. ఉష కాయితం మీద తేదీ వేసింది. 'మొదటిది' అని రాసి, ఉష ఫైల్లో పెట్టి పిన్ను కొట్టింది. లింథోయ్ ఫైల్లోని సంతకం లేని కాయితాన్ని బయటికి తీసి, నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేసింది.

"ఆ అమ్మాయికి నేనే చెప్తాను," అంది.

ఉష పొట్లం కోసం చెయ్యి చాపింది.

"హాస్టల్లో ఉంచకూడదుగా అమ్మా," అంటూ మేడం పొట్లాన్ని మళ్ళీ నాలుగు కవర్లలోనూ చుట్టి, తన హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది.

ఆ సాయంత్రం 214 తలుపు తీసే ఉంది. లింథోయ్ సూట్‌కేసులోంచి బట్టలు తీసి మళ్ళీ అలమరలో పెడుతోంది.

"వార్డెన్ వచ్చింది. సారీ చెప్పింది. తెలుగులోనే చెప్పింది, కానీ అర్థమైంది," అంది.

"అవి నావి," అంది ఉష. "మా అమ్మ చేసినవి. ఒక పొట్లం నీకోసం పంపింది. నేను ఇవ్వలేదు."

లింథోయ్ ఒక స్వెట్టరు మడత పెట్టింది. విప్పింది. మళ్ళీ మడత పెట్టింది. "మంగళవారం పొద్దున నువ్వు గుమ్మంలోనే ఉన్నావు."

"ఉన్నా."

"ఇవాళ గురువారం."

లింథోయ్ అరిచి ఉంటే బావుండేది. అరవలేదు, పొమ్మనలేదు, కూర్చోమనీ అనలేదు. కాసేపు నిలబడి ఉష తన గదికి వచ్చేసింది. శ్రీదుర్గ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని గోడ వైపు తిరిగి పడుకుంది.

*

శుక్రవారం లక్ష్మీకాంత్ సారు క్లాసుకి రాలేదు, మీటింగట. మార్కులు వేసిన బడ్డీ డైరీలు స్టాఫ్‌రూమ్‌లో ఉన్నాయని, రెండో అంతస్తు వాళ్ళవి తీసుకెళ్ళి పంచమని ఉషకి మెసేజ్ పెట్టాడు. దొంతర తెచ్చి మంచం మీద పెట్టుకుంది. పైనే తన డైరీ. పదికి తొమ్మిది. 'ఎక్సలెంట్ ఆబ్జర్వేషన్' అని ఎర్ర ఇంకు. ఆ మార్కులు సోమవారమే వేసినవి, తేదీ ఉంది.

లింథోయ్ డైరీ అడుగున ఉంది. పదికి నాలుగు. ఇంకొకళ్ళ డైరీ విప్పకూడదు. కానీ అందులో ఉన్నది తన గురించే. విప్పింది.

ఎక్కువ రాయలేదు. రోజుకి రెండు మూడు వాక్యాలు, గుండ్రటి చేతిరాత. 'నా బడ్డీ పెరుగన్నంలో కూడా మిరపకాయ నంజుకుంటుంది.' 'నా బడ్డీ అమ్మతో మాట్లాడటానికి టెరేస్ మీదికి వెళ్తుంది. అప్పుడు ఆమె గొంతు పెద్దదవుతుంది, బావుంటుంది.' 'నా బడ్డీ నా పచ్చడి రెండుసార్లు వేయించుకుంది. నాకు ఇల్లు గుర్తొచ్చింది.' ఆఖరి పేజీ ఆదివారానిది. రెండే వాక్యాలున్నాయి.

'ఇవాళ టెరేస్ మీద నా బడ్డీ ఒక పని చేస్తుంటే చూశాను, చాలా శ్రద్ధగా చేసింది. కానీ దాచుకుని చేసింది కాబట్టి అదేమిటో చెప్పాల్సింది ఆమే, నేను కాదు.'

దాని కింద సారు ఎర్ర ఇంకుతో రాశాడు: 'వివరంగా రాయాలి. పరిశీలన చాలదు.'

ఉష ఆ పేజీ మీద చెయ్యి పెట్టి కూర్చుంది. ఆదివారమే చూసింది. మంగళవారం చేట చూసినప్పుడూ తెలుసు. ఆఫీసులో బల్లకి ఎదురుగా కూర్చున్నప్పుడు, మెస్ వెనక 'ఎవరు చేస్తారు?' అని అడిగినప్పుడు, సూట్‌కేసు సర్దుకున్నప్పుడు, అన్నిసార్లూ తెలుసు. ఆ ఒక్క మాట వార్డెన్‌తో అంటే సరిపోయేది. అనలేదు. బయటపెట్టినదానికి తనకి తొమ్మిది వచ్చాయి, కడుపులో దాచుకున్నదానికి ఆమెకి నాలుగొచ్చాయి.

డైరీ తీసుకుని 214కి వెళ్ళింది. లింథోయ్ కిటికీ దగ్గర చదువుకుంటోంది. ఉష డైరీ బల్ల మీద పెట్టింది.

"చదివా. తప్పే. చదివా."

లింథోయ్ మార్కు చూసింది. భుజాలెగరేసింది.

"ఎందుకు చెప్పలేదు?" అంది ఉష.

"నువ్వు చెప్తావని చూశా. మంగళవారం చూశా, బుధవారం చూశా." పేజీ మూసింది. "గురువారం పొద్దున ఇంక చూడటం మానేశా. సాయంత్రం వార్డెన్ వచ్చింది."

ఉష తల వంచుకుంది. లింథోయ్ మళ్ళీ పుస్తకం తీసింది, రెండు లైన్లు చదివింది, తలెత్తకుండానే అడిగింది. "ఇంకా ఉన్నాయా అవి?"

"వార్డెన్ తీసుకెళ్ళింది."

"మొత్తమా?"

"మొత్తం."

లింథోయ్ పెదవుల చివర చిన్నగా కదిలింది. నవ్వని అనలేం గానీ, నాలుగు రోజుల్లో అదే మొదటిసారి.

ఉష ఫోన్ తీసుకుని వరండాలోకి వచ్చింది. కాళ్ళు అలవాటుగా టెరేస్ మెట్ల వైపు రెండడుగులు వేశాయి. ఆగింది. వరండాలో బట్టలు ఆరేసుకునేవాళ్ళు ఆరేసుకుంటున్నారు, తల దువ్వుకునేవాళ్ళు దువ్వుకుంటున్నారు. 212 గుమ్మంలో శ్రీదుర్గ గజ్జెల తాడు ముడులు విప్పుకుంటోంది. ఉష గోడకి ఆనుకుని అక్కడే నిలబడి నంబరు నొక్కింది.

"ఏమే, ఈ టయానికి సేశావేం?" అంది గంగాదేవి.

"అమా, నెత్తళ్ళు పంపిచ్చు," అంది ఉష, గిలకలదిండి గట్టు మీద నిలబడి పడవ వాళ్ళని పిలిచేంత గొంతుతో. దువ్వెనలు ఆగాయి. "వల మీదయ్యే. రెండు పొట్లాలు కట్టు."

"అప్పుడే అయిపోగొట్టారా? మొన్నేగదే ఇచ్చా."

"అయ్యి ఆ పిల్లకి పెట్టలేదమ్మా. అబద్ధం సెప్పా నీకు."

శ్రీదుర్గ చేతిలో ముడి అలాగే ఉండిపోయింది.

"ఇయ్యాల పోసినయ్యి ఎండలో ఉన్నయ్యి," అంది గంగాదేవి. "రేపటికి అవుతాయి. ఎల్లుండి పొద్దున మొదటి బస్సుకి నేనే పట్టుకొత్తా. నా ముందర పెట్టు ఆ పిల్లకి."

"రా," అంది ఉష.

ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగితే 214 తలుపు దగ్గర లింథోయ్ నిలబడి ఉంది. ఆ మాటల్లో ఒక్కటీ ఆమెకి అర్థమై ఉండదు.

"మీ అమ్మేనా?" అంది.

"మా అమ్మే. ఆదివారం వస్తోంది."

లింథోయ్ లోపలికెళ్ళి బల్ల మీద ఖాళీగా ఉన్న చేపల సీసా తీసుకొచ్చింది. వరండా చివర కుళాయి దగ్గర అడుగు దాకా కడిగి, మూత తీసి, ఎండ పడేచోట గోడ మీద బోర్లించింది.